చెరువు కట్టలో బొరియ చేయు చేప

చెరువు కట్టకు ఎండ్రకాయలు, పందికొక్కులు చేయు హాని మన రైతులకు తెలియనిది కాదు. ఇటీవలి సంవత్సరములలో వీటికి తోడుగా ఒక చేప కూడ వచ్చి చేరినది. వల లాగినప్పుడు ఒడలంతయు గరుకైన ఎముక పలకలతోను, వీపుపై తెరచాప వంటి పెద్ద రెక్కతోను, తల క్రింది భాగమున గుండ్రని నోటితోను ఉన్న నల్లని చేప తగిలినచో అది ఇదే యని తెలిసికొనవలెను. పట్టణములలో అద్దపు తొట్లలో చేపలను పెంచువారు దీనిని సక్కర్ చేప అందురు. వలలు చినిగి విసిగిన మత్స్యకారులు దెయ్యపు చేప అనియు, డెవిల్ ఫిష్ అనియు పిలుచుచున్నారు. ఈ వ్యాసములో దీనిని కవచపు చేప అని వ్యవహరింతము.

కృష్ణా నదిలోను, కొల్లేరు ప్రాంతములోను చేపలు పట్టువారికి ఇది ఇదివరకే పరిచయమైనది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు తూర్పు కనుమల ప్రాంతపు జలాశయముల నీటిని తెచ్చి, ఆ నీటిలో చేపలు విడిచిన డి.ఎన్.ఎ. ఆనవాళ్ళను పరీక్షించిరి. పరిశీలించిన జలాశయములలో 60 శాతము వరకు ఈ చేప వ్యాపించినదని 2024లో వెల్లడించిరి. కనుక ఇది ఏదో ఒక కాలువకు సంబంధించిన ముచ్చట కాదు. చేపల చెరువు గల రైతు, ఊరి చెరువును చూచుకొను పంచాయతీ, చేపల పాట పాడుకొను మత్స్యకారుల సంఘము – అందరును దీని సంగతి తెలిసికొనుట అవసరము.

ఈ చేపకు మూడు బలములు కలవు. ఒకటి కవచము, రెండవది గాలి పీల్చు శక్తి, మూడవది బొరియ. మొదటి రెండింటిని మనము ఏమియు చేయజాలము. మూడవది మాత్రము మన పార, పలుగులకు అందుబాటులో నున్నది. ఈ విషయమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్వస్థలము

ప్రపంచమున వాలుగ, జెల్ల, మార్పు వంటి మీసాల చేపలు సుమారు 4,000 జాతులు కలవు. వీటిలో సగమునకు పైగా దక్షిణ అమెరికా, మధ్య అమెరికా ఖండభాగములలోనే నివసించుచున్నవి. అందులో ఒక కుటుంబమునకు లోరికారిడే అని పేరు. ఈ ఒక్క కుటుంబములోనే వేయి జాతుల వరకు ఉన్నవి. వీటిలో చాల జాతులు నోటితో రాతిని, మ్రానును అంటిపట్టుకొని పాచిని గీకి తినునవే. మన చెరువులలోనికి వచ్చినవి ఈ కుటుంబములోని టెరిగోప్లిక్తిస్ అను తెగకు చెందినవి. అమెజాను నది, దాని ఉపనదియైన మదీరా, ఉత్తరమున ఒరినోకో – ఈ నదీ ప్రాంతములు ఈ తెగ జాతులకు పుట్టినిండ్లు.

అమెజాను నది మన గోదావరి వలెనే వరదలు గల నది. అయితే దాని వరద నెలల తరబడి నిలిచియుండును. మనౌస్ నగరము వద్ద వర్షకాలమునకును, వేసవికిని నీటిమట్టములో సుమారు 10 మీటర్ల వ్యత్యాసముండును. వరదలో అడవులు, లంకలు మునిగి చేపలకు మేత సమృద్ధిగా దొరకును. వరద తీసినపిమ్మట లంకలలోని మడుగులు కుంచించుకొనిపోయి, నీరు వేడెక్కి, అందులో ప్రాణవాయువు తగ్గిపోవును. ఆ మడుగులలో పెద్ద నోరుగల వేట చేపలును, మొసళ్ళును కాచుకొని యుండును. అట్టి చోట బ్రతుకుటకు కవచపు చేపకు ప్రకృతి ఇచ్చిన ఏర్పాట్లు విచిత్రమైనవి.

మొదటి బలము – కవచము

మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసులకు పొలుసులుండును. మార్పు, ఇంగిలాయి, వాలుగలకు పొలుసులు లేక ఒడలు నునుపుగా నుండును. కవచపు చేపకు ఈ రెండును కాక, పెంకు కప్పినట్లుగా ఎముక పలకలు వరుసలు వరుసలుగా ఒంటినిండ నుండును. వీపు రెక్కకు, ప్రక్క రెక్కలకు గట్టి ముండ్లు కలవు. భయపడినప్పుడు ఈ ముండ్లను నిలువుగా బిగించి, కదలకుండ పట్టియుంచును. మ్రింగబోయిన చేపకు, పక్షికి ఇది గొంతులో దిగిన మేకు వంటిది. ప్యూర్టోరికో దీవిలో పెలికాను పక్షులు, అనగా మనవారు గూడబాతులను పక్షులు, ఈ చేపను మ్రింగబోయి గొంతున అడ్డుపడి చనిపోయినట్లు 1994లో ప్రకటింపబడినది. కొల్లేటి గూడబాతులను చూచి ఆనందించువారు ఈ సంగతి గమనింపవలెను.

వలలు చినుగుటకు కారణము కూడ ఈ ముండ్లే. దారము ముల్లునకు చుట్టుకొన్నచో చేప బిగించుకొనునే కాని వదలదు. దానిని విడదీయుటకు మత్స్యకారుడు వలను కోయవలసి వచ్చును. ఒక్క రోజున పది చేపలు తగిలినచో ఆ పూట వేట చెడి, మరునాడు వల బాగుచేసికొనుటకే సరిపోవును.

ఇంకొక నష్టము కంటికి కనబడదు. పలకలన్నియు ఎముకయే, ఎముకకు భాస్వరము కావలెను. మెక్సికో దేశమున చకమాక్స్ అను నదిలో పరిశోధకులు పరిశీలించి, ఈ చేపలు నీటిలోని భాస్వరమును విస్తారముగా తమ శరీరములలో బంధించుకొనుచున్నవని 2013లో ప్రకటించిరి. చేపల చెరువులో సూపర్ ఫాస్ఫేటు వేయు రైతు దానిని నీటిలో చిన్న జీవులు పెరిగి బొచ్చెకు, శీలావతికి మేతగా మారుటకై వేయుచున్నాడు. కవచపు చేపలు ఎక్కువైన చెరువులో ఆ ఎరువులో కొంత భాగము అమ్ముడుపోని పెంకుగా మారును.

రెండవ బలము – గాలి

మన మార్పు, ఇంగిలాయి, కొరమేను నీటిపైకి వచ్చి గాలి మ్రింగుట అందరును చూచినదే. కవచపు చేప కూడ అట్లే చేయును. అయితే దీనికి ఆ పనిని జీర్ణాశయము చేయును. జీర్ణాశయపు గోడ పలుచనై, రక్తనాళములతో నిండియుండి, మ్రింగిన గాలినుండి ప్రాణవాయువును తీసికొనును. అందుచేత మురుగు కాలువలలోను, నీరు కుళ్ళిన గుంటలలోను తక్కిన చేపలు చచ్చిపోయినను ఇది బ్రతుకును. ఒడలు తడిగా నున్నచో నీటి వెలుపల కూడ ఇరువది గంటలకు పైగా ప్రాణముతో నుండగలదు. కొంత ఉప్పదనమును సైతము ఓర్చుకొనును గావున నదీముఖముల వద్ద చిరుఉప్పు నీటిలోను కనబడుచున్నది. దీనికి పడనిది గట్టి చలి. నీటి వేడిమి 10 డిగ్రీల ప్రాంతమునకు దిగినచో ఇది నిలువజాలదు. మన కోస్తా చెరువులలో అంతటి చలి రాదు.

కనుక వలలో పడినదానిని గట్టుపైకి విసరి, "ఎండకు అదే చచ్చును" అని ఇంటికి పోవుట పొరపాటు. రాత్రి మంచు పడినను, చినుకు పడినను అది ప్రాకి తిరిగి నీటిలో పడవచ్చును.

మూడవ బలము – బొరియ

ఈ కుటుంబములో చాల జాతులకు సందులలో దాగు అలవాటు కలదు. రాళ్ళ సందులున్న ఏరులలో రాతి సందులలోను, అవి లేనిచోట మట్టి గట్టులోను ఇవి ఉండును. కవచపు చేప నీటి అంచున మెత్తని మట్టి గట్టును తలతోను, రెక్కలతోను తొలిచి, లోనికి పల్లముగా బొరియ చేయును. ఒక్కొక్క బొరియ మూడు నాలుగు అడుగుల లోతు వరకు పోవును. తగిన గట్టు దొరికినచో ప్రక్కప్రక్కనే అనేక బొరియలుండును.

ఆడచేప ఈ బొరియలో పసుపు వన్నె గల గ్రుడ్లను ముద్దగా పెట్టును. మగచేప అక్కడే యుండి, గ్రుడ్లు పొదిగి, పిల్లలు ఈదగలిగిన దశ వచ్చు వరకు కాపలా కాయును. ఇక్కడ ఒక లెక్కను గమనింపుడు. ఒక కిలో బరువు గల శీలావతి తల్లి చేప కడుపులో రెండు మూడు లక్షల గ్రుడ్లుండును. కవచపు చేప కడుపులో కొన్ని వందలనుండి రెండు మూడు వేల వరకు మాత్రమే యుండును. శీలావతి గ్రుడ్లను ప్రవాహమునకు వదలి వెళ్ళిపోవును. వాటిలో బ్రతికి బట్టకట్టునవి బహు స్వల్పము. కవచపు చేప కొద్ది గ్రుడ్లనే పెట్టి తలుపు దగ్గర తండ్రిని కూర్చుండబెట్టును. దాని వంశవృద్ధి అంతయు ఆ కాపలా మీద, ఆ బొరియ మీద ఆధారపడియున్నది.

చెరువు ఎండినప్పుడు కూడ బొరియయే దానికి దిక్కు. అడుగున తడి నిలిచియున్నంత కాలము బొరియలో అణగియుండి, కొత్త నీరు రాగానే బయటికి వచ్చును.

మన కట్టకు కలుగు చేటు ఇక్కడనే మొదలగును. బొరియలు ప్రక్కప్రక్కన పడినచో గట్టు అంచు లోపల డొల్లయై, నీరు తగ్గగానే పెళ్ళలు పెళ్ళలుగా విరిగి చెరువులో పడును. పూడిక పెరుగును, కట్ట పలుచనగును. చేపల చెరువుల మధ్య గట్లు సన్ననివి గావున వాటికి ముప్పు ఇంకను ఎక్కువ. పలుచనైన చోట తుపాను వానలో గండి పడినచో, ఆ సంవత్సరపు చేపయు, క్రింది పొలములోని వరియు ఒక్క రాత్రిలోనే పోవును.

గుహలలోని దాయాదులు

బొరియలలో దాగు అలవాటు ఎంత దూరము పోవునో తెలిసికొనుటకు ఈ చేప దాయాదులను చూడవలెను. బ్రెజిల్ దేశమున గోయాస్ రాష్ట్రములో సావొ దొమింగోస్ అను చోట సున్నపురాతి గుహలలో ఏరులు ప్రవహించుచున్నవి. ఆ చీకటి నీటిలో కవచపు చేప కుటుంబమునకే చెందిన యాన్సిస్ట్రస్ క్రిప్టాఫ్తాల్మస్ అను చేప నివసించుచున్నది. 1987లో శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టిరి. దాని పేరులోనే "దాగిన కన్ను" అను అర్థము కలదు. తరతరములుగా వెలుతురు లేనిచోట నుండుటచే కండ్లు చిన్నవై, ఒంటి రంగు వెలవెలబోయినది. అంటిపట్టుకొను నోరు మాత్రము అట్లే నిలిచినది; గుహలోని ఏటి వడికి కొట్టుకొనిపోకుండుటకు అది కావలెను.

అమెజాను నదీముఖమున బెలేం నగర ప్రాంతములోను, మరాజొ దీవిలోను త్రవ్విన నూతులలో వేరొక వింత మీసాల చేప దొరకినది. దానికి 1905లో ఫ్రియాటోబియస్ సిస్టర్నేరమ్ అని పేరు పెట్టిరి. అది భూగర్భ జలములో తిరుగాడు రెండంగుళముల ఎర్రని చేప. మన దేశమునను ఇట్టిది లేకపోలేదు. కేరళ రాష్ట్రమున కొట్టాయము ప్రాంతపు నూతులలో దొరకిన హోరాగ్లానిస్ అను గ్రుడ్డి చేపను 1950 ప్రాంతమున మన శాస్త్రజ్ఞులే వర్ణించిరి. అది మన మార్పు చేపకు దూరపు బంధువు.

ఈ గుహ చేపలు, నూతి చేపలు ఎవరికిని హాని చేయవు. వాటి శరీరములు ఒక్క చోటునకే తగినట్లు మలచబడినవి; ఆ చోటు చెడినచో అవి నశించును. మన చెరువులోనికి వచ్చిన కవచపు చేప సంగతి దీనికి సరిగా వ్యతిరేకము. వరదకు, ఎద్దడికి, కుళ్ళిన నీటికి, వేట చేపలకు – అన్నింటికిని అలవాటుపడిన శరీరము గావున ఎక్కడ వదలినను అదే ఇల్లు చేసికొనును. స్వస్థలమున దాని ప్రాణమును నిలిపిన గుణములే మన చెరువునకు నష్టదాయకములైనవి.

ఎట్లు వచ్చినది?

నదులు దీనిని సముద్రము దాటించలేదు, మనుష్యులే దాటించిరి. రెండంగుళముల పిల్లగా నున్నప్పుడు ఇది అద్దపు తొట్టిలోని పాచిని గీకి శుభ్రపరచును. అందుచే అలంకార చేపల వ్యాపారములో దీనికి గిరాకి ఏర్పడినది. కొనువారికి తెలియనిది దాని పెరుగుదల. రెండు సంవత్సరములలో ఒక అడుగు పొడవు పెరిగి, పిదప అడుగున్నర వరకు పోగలదు. తొట్టి చాలనప్పుడు చంపుటకు చేతులు రాక, పుణ్యమని తలచి కాలువలోనో చెరువులోనో వదలుదురు. కేరళలో తిరువనంతపురము ఛాక్కై కాలువ మొదలుకొని బెంగాలు, బీహారు, ఉత్తర ప్రదేశ్ నీటివనరుల వరకు ఇవి దొరకుచున్నవి. వరదలు వచ్చినప్పుడు కాలువలు, చెరువులు, నదులు ఏకమగుటచే ఒక చోటి చేప పదిచోట్లకు ప్రాకును.

ఇతర దేశముల అనుభవము మనకు హెచ్చరిక. ఫిలిప్పీన్సులో మరికినా నదియు, లగూనా సరస్సును దీనితో నిండినవి. మెక్సికోలో బల్సాస్ నదిపై ఇన్ఫియర్నియో అను పెద్ద జలాశయము కలదు. అక్కడ తిలాపియా చేపలు పట్టి వేలాది కుటుంబములు జీవించెడివి. 1990 తరువాతి దశకములలో ఈ చేప ప్రవేశించి, వలలలో తిలాపియాకు బదులు ఇదే నిండసాగినది. అక్కడివారు పెట్టిన పేరు పెజ్ డియాబ్లో, అనగా దెయ్యపు చేప.

నివారణ చర్యలు

పూర్తిగా స్థిరపడిన పెద్ద నదినుండి దీనిని నిర్మూలించుట సాధ్యము కాదు. కాని ఒక చెరువులోనికి రానీయకుండుట, వచ్చినదానిని అదుపులో నుంచుట రైతు చేతిలో నున్నది. ఈ క్రింది పద్ధతులు పాటింపవలెను.

1. చేపపిల్లలను నమ్మకమైన హేచరీ నుండియే కొనవలెను. చెరువులో వదలుటకు ముందు పిల్లలను గుడ్డపైన గాని, తట్టలో గాని కొంచెము కొంచెముగా పోసి చూడవలెను. తల క్రింద గుండ్రని నోరు, గరుకైన ఒడలు గల పిల్ల కనబడినచో ఏరివేయవలెను.

2. కాలువనుండి నీరు పెట్టు తూమునకు, నీరు పోవు తూమునకు కూడ సన్న కన్నుల వల బిగింపవలెను. ఈ చేప గ్రుడ్లు బొరియలలో ముద్దగా అంటుకొని యుండును గావున నీటితో వచ్చునవి ఎక్కువగా పిల్లలే. పిల్ల దూరలేని వల యున్నచో చాల వరకు రక్షణ కలుగును. చెత్త అడ్డుపడి వల చినుగకుండ తరచు శుభ్రపరచవలెను.

3. పట్టుబడి ముగిసి చెరువును ఎండగట్టినప్పుడు కట్ట చుట్టును నడచి నీటి అంచున నున్న బొరియలను వెదకవలెను. ఎండ్రకాయ బొరియ వద్ద తోడిపోసిన మట్టి కుప్ప యుండును. పందికొక్కు బొరియ కట్టపై పొడి భాగమున నుండును. చేప బొరియలు నీరు నిలిచిన మట్టమునకు సమీపముగా, లోనికి పల్లముగా, ప్రక్కప్రక్కన నుండును.

4. బొరియలో చేయి పెట్టరాదు. పాములుండవచ్చును, చేప ముండ్లును గట్టిగా గుచ్చుకొనును. పలుగుతోను, పారతోను చివరి వరకు త్రవ్వి, చేపను, గ్రుడ్ల ముద్దను బయటికి తీయవలెను. పిమ్మట తడిపిన బంకమట్టిని పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరను దిమ్మిసతో గట్టిగా కొట్టి పూడ్చవలెను. పైపైన మట్టి కప్పినచో లోపల డొల్ల అట్లే మిగిలిపోవును.

5. చెరువులో నీరు నిండియున్నప్పుడు కట్టను త్రవ్వుట ప్రమాదకరము. అప్పుడు బొరియలున్న చోట కర్ర పాతి గుర్తుపెట్టుకొని, నీరు తగ్గిన తరువాత పని చేయవలెను. నీటిపారుదల శాఖ చెరువు అయినచో ఆ ఉద్యోగులకు తెలిపి, వారి సలహాపై త్రవ్వవలెను.

6. గట్టు మరల మరల తొలుచబడుచున్న చోట నీటి అంచున రాతికట్టు వేయుట మంచిది. రాయి కప్పిన గట్టులో ఈ చేప బొరియ చేయజాలదు. అయితే రాళ్ళ మధ్య పెద్ద సందులు వదలరాదు.

7. ఇప్పచెక్క వేసి అక్కరలేని చేపలను చంపు పద్ధతి చేపల రైతులకు తెలిసినదే. కాని మందు నీటిలో పనిచేయును. బొరియ చివర తడిమట్టిలో నున్న చేపకు అది చేరునను నమ్మకము లేదు. కనుక బొరియలను త్రవ్వకుండ మందుపైననే ఆధారపడరాదు. పశువులు నీరు త్రాగు ఊరి చెరువులో మందు వేయనే రాదు.

8. వలలో పడినదానిని తిరిగి నీటిలో వేయరాదు. తలపై బలముగా కొట్టి చంపి, నీటికి దూరముగా గోతిలో పూడ్చవలెను. కొబ్బరి మొదళ్ళ దగ్గర పూడ్చినచో ఎరువుగా ఉపయోగపడును.

ఈ పని చేయునప్పుడు మన దేశపు చేపలను చంపకుండ జాగ్రత్తపడవలెను. మార్పు, ఇంగిలాయి, జెల్ల – వీటి ఒడలు నునుపు, మీసములు పొడవు. కొండవాగులలో రాళ్ళనంటుకొని యుండు చిన్న చేపలు కూడ మనవే. ఎముక పలకల కవచమున్నదే పరదేశపు చేప.

రైతులు అడుగు ప్రశ్నలు

"అయ్యా, ఇది పాచిని తినును గదా, చెరువు శుభ్రపడదా?"

పాచి తినునట్లే అడుగునున్న బురదను కూడ కలచివేయును. మనము వేసిన తవుడు, చెక్క కూడ అడుగునకు చేరగానే తినును. పెరిగిన తరువాత దానికి ధర లేదు. పాచికై దీనిని పెంచుట కంచెకై తుమ్మను పొలము నడుమ నాటినట్లుండును.

"కొరమేనును, వాలుగను వదలినచో తినివేయవా?"

చిన్న పిల్లలను కొంతవరకు తినవచ్చును. నాలుగైదు అంగుళములు పెరిగి పలకలు, ముండ్లు గట్టిపడిన తరువాత వాటి నోటికి ఇది లొంగదు. పైగా కొరమేను, వాలుగ ముందుగా తినునవి మీ బొచ్చె పిల్లలనే.

"వేసవిలో చెరువు ఎండిపోయినది, ఇంక భయము లేదు గదా?"

అడుగు పగుళ్ళు విచ్చినను, కట్ట మొదట బొరియలో తడి యుండవచ్చును. త్రవ్వి చూచిన తరువాతనే నమ్మవలెను.

"దీనిని తినవచ్చునా?"

తినరాని విషపు చేప కాదు. దాని స్వదేశమున ఇది మంచి ఆహారము. అమెజాను తీరమున దీనిని అకారి అనియు, బొదొ అనియు పిలిచి, ప్రాణముతో సంతకు తెచ్చి అమ్ముదురు. పెంకుతో సహా నిప్పులపై కాల్చి, లోపలి మాంసమును తిందురు. ఎండబెట్టి పొడిచేసి పిరాకుయి అను చేపపిండిగా నిలువ చేయుదురు. కాని ఇది అడుగు బురదలోనిది తిని బ్రతుకు చేప. పట్టణపు మురుగు, కర్మాగారముల నీరు కలియు కాలువలలో పట్టినదానిని తినరాదు, కోళ్ళకు, పశువులకు మేతగాను వాడరాదు.

ఆ దేశమునుండి తెచ్చుకొనదగినది

దక్షిణ అమెరికా మీసాల చేపలన్నియు పనికిమాలినవని తలపరాదు. బ్రెజిల్ రైతులు సురుబిం అను పెద్ద చారల చేపను, దక్షిణ జిల్లాలలో జుందియా అను చేపను చెరువులలో పెంచుచున్నారు. సురుబిం పిల్లలు ఒకదానినొకటి తినును గావున, చిన్నతనముననే వాటికి ఎండు మేత అలవాటు చేయుట అక్కడి హేచరీలలో ఓర్పుతో కూడిన పని. సురుబిం నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టదు. కావున కార్పు చేప మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టింతురు.

ఈ విద్యకును మనకును దగ్గరి సంబంధము కలదు. చేపకు ఈ గ్రంథి రసమును ఎక్కించి చూచిన తొలి ప్రయత్నము 1930లో అర్జెంటీనాలో హౌసే అను శాస్త్రజ్ఞునిది. 1934 ప్రాంతమున బ్రెజిల్‌లో రొడోల్ఫో ఫాన్ ఇహెరింగ్ దానిని చేపపిల్లల ఉత్పత్తికి పనికివచ్చునట్లు చేసెను. మన దేశమున 1957 జూలై 10వ తేదీన ఒడిశాలో హీరాలాల్ చౌధురి ఆ పద్ధతితో మన కార్పు చేపలచే గ్రుడ్లు పెట్టించెను. ఆ దినమునే 2001 నుండి జాతీయ మత్స్య రైతుల దినముగా జరుపుకొనుచున్నాము. నదులలో పిల్లలను ఏరి తెచ్చుకొను రోజులు పోయి, హేచరీ పిల్లలతో కోస్తా జిల్లాల చెరువులు నిండినవన్నచో దానికి మూలము ఆ విద్యయే. ఆ ఖండమునుండి విద్య వచ్చినది, లాభించినది. చేప వచ్చినది, నష్టపరచినది.

గ్రామోద్యోగులకు సూచన

ఈ పని ఒక్క రైతు చేసినచో చాలదు. ఒకరి చెరువులో తీసివేసినను, ప్రక్క కుంటలో మిగిలినచో వానకు మరల వచ్చును. కనుక పంచాయతీ కార్యదర్శులు, మత్స్యశాఖ ఉద్యోగులు, సహకార సంఘ పెద్దలు కలిసి ఏటేట వేసవిలో ఒక వారమును నిర్ణయించి, ఆయకట్టు రైతులతోను, మత్స్యకారులతోను చెరువు కట్టను ఈ చివరనుండి ఆ చివర వరకు పరిశీలింపజేయవలెను. ఎన్ని బొరియలు పూడ్చిరి, ఎన్ని చేపలు తీసిరి అను లెక్కను పుస్తకములో వ్రాయించినచో, మరుసటి యేటి లెక్కతో పోల్చి అదుపు అగుచున్నదో లేదో తెలిసికొనవచ్చును. చెరువు పని చేయించునప్పుడు పూడిక తీయుటతో పాటు బొరియలు పూడ్చుటను కూడ చేర్చుకొనవలెను.

పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ చేపను పిల్లలకు చూపి, తొట్టిలోని చేపను చెరువులో వదలరాదని చెప్పవలెను. పెంచలేనివారు దుకాణమునకే తిరిగి ఇచ్చుట మేలు. చేపను వదలుట దయ అని తలచువారికి, ఆ దయ ఒక్క చేపకు మాత్రమే చెందినదనియు, దాని భారము చెరువులోని చేపలన్నియు, ఆ చెరువుపై బ్రతుకు కుటుంబములన్నియు మోయవలసి వచ్చుననియు నచ్చజెప్పవలెను.

మీ చెరువులో ఈ చేప మొదటిసారి కనబడినచో వెంటనే మత్స్యశాఖ ఉద్యోగికి తెలియజేయుడు. ఒకటి రెండు బొరియలున్నప్పుడు ఒక పూట పనితో పోవునది, రెండేండ్లు ఉపేక్షించినచో కట్ట పొడవునను పార పట్టవలసిన పని యగును. వేసవిలో నీరు తగ్గి బొరియల నోళ్ళు బయటపడుటయే తగిన అదను.